సున్నం కలిపిన నీళ్లు

నా చిన్న కూతురు దోసిలి పట్టి ఉంది. కట్ట కింది రాళ్ల సందులోంచి బొటనవేలంత లావున దూకుతున్న నీళ్లు ఆ దోసిలి నింపి, మోచేతుల మీదుగా కారి, గౌను తడుపుతున్నాయి. తాగబోతుంటే చెయ్యి పట్టుకున్నాను. అప్పుడు నా వేళ్ల మధ్య ఏదో గరగరలాడింది. శనగపిండిలో ఇసుక పడితే తగిలినట్టు. దాని అరచెయ్యి విప్పి చూశాను. నీళ్లు జారిపోయాక చేతి గీతల్లో పసుపుపచ్చటి బురద సన్నగా మిగిలింది. తలెత్తితే పైన కట్ట, కట్ట మీద రంగురంగుల గొడుగులు, ఆ గొడుగుల అవతల నా తలకన్నా ఎంతో ఎత్తున చెరువు నిండా నీళ్లు. చుట్టూ జనం నవ్వుకుంటున్నారు, ఫొటోలు దిగుతున్నారు. నాకు మాత్రం ఒళ్లంతా ఒక్కసారి చల్లబడింది. భయం అని దానికి పేరు పెట్టడానికి కూడా కాసేపు పట్టింది.

ఇవాళ సాయంత్రం బస్సు కోసం పాన్ డబ్బా పక్కన నిలబడితే తడి సున్నం వాసన వచ్చింది. ఆ వాసనతో ఆ మధ్యాహ్నమంతా మళ్లీ నా ముందుకొచ్చింది. బస్సు ఎక్కినా పోలేదు, ఇంటికొచ్చి వంట చేసినా పోలేదు. ఇప్పుడు పిల్లలు నిద్రపోయారు. కొమురవ్వ గురించి ఈ రాత్రి రాయకపోతే ఇక రాయలేననిపించి కూర్చున్నాను. ఆమెను చూడనివాళ్లకు ఆమె ఒక ముసలావిడ, అంతే. మా ఊళ్లో కొందరికి ఇప్పటికీ అంతకన్నా తక్కువే.

పాలకుర్తి నుంచి ఆటోలో వచ్చే ఊరు మాది. నేను టేకుమట్ల పిల్లను. భూపాలపల్లిలో డిగ్రీ చదివి, పెళ్లయి ఈ ఊరికి వచ్చాను. మా ఆయనకు జనగామలో ఉద్యోగం. పొద్దున పోతే చీకటి పడ్డాకే రావడం. మా ఇల్లు చెరువు కట్ట కింది కాలనీలో. పక్క ఇల్లు కొమురవ్వది. ఆమె గార్ల నుంచి కోడలిగా వచ్చిన మనిషి. భర్త పోయాడు, పిల్లలు లేరు. నోట్లో ఎప్పుడూ ఆకు వక్క, నడుము దగ్గర చీర మడతలో ఇత్తడి సున్నపుకాయ. కట్ట వాలులో ఉన్న మైసమ్మ గద్దెను రోజూ ఊడ్చి, కడిగి, బొట్లు పెట్టేది. ఎవరూ పెట్టమనలేదు, ఎవరూ వద్దనలేదు. పండుగ రోజుల్లో ఆమెకు శిగం వచ్చేది. అమ్మవారు పూనిందని జనం ఆమె ముందు నిలబడి తమ కష్టాలు చెప్పుకునేవారు. మిగతా రోజుల్లో ఆమె మాలాగే రేషన్ దుకాణం ముందు వరుసలో నిలబడి డీలరును తిట్టేది.

నేను పుట్టుకతోనే బుగులు మనిషిని, ప్రతిదానికీ భయమే. పెద్దోడికి ఏడాది నిండినప్పుడు వాడి అంగీకి ఒక గుండీ కనిపించలేదు. మింగాడనుకుని వాడిని ఎత్తుకుని వీధిలోకి పరుగెత్తాను. అవ్వ అరుగు మీద కూర్చుని ఉంది.

"ఏంది బిడ్డా, గట్ల ఒణుకుతున్నవ్?"

"అవ్వా, వీడు గుండీ మింగిండు."

"మింగంగ చూసినవా?"

"చూడలే. అంగీకి లేదు."

ఆమె నన్ను వెక్కిరించలేదు. అదే నాకు గుర్తుండిపోయింది. మా ఆయనకు ఫోన్ చేస్తే నవ్వాడు, మా అత్తమ్మ విసుక్కుంది. అవ్వ మాత్రం చెప్పులు వేసుకుని నాతో దవాఖానకు వచ్చింది. డాక్టరు చూసి, గుండీ అయితే దానంతట అదే బయటికి వస్తుంది, కనిపెట్టుకుని ఉండమన్నాడు. "అయితే కనిపెడదాం పా" అంది అవ్వ. మర్నాడు మా పెరట్లో ఒక పుల్ల పట్టుకుని, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, నాతోపాటు కూర్చుంది. గుండీ దొరికినప్పుడు ఆమె ముఖం వెలిగిపోయింది. "ఇగో, నీ బంగారం. కడిగి మళ్ల కుట్టుకుంటవా?" అని నవ్వింది. తర్వాత చేతులు కడుక్కుంటూ అంది: "బుగులు పడుడు తప్పు కాదు బిడ్డా. బుగులైనప్పుడు దగ్గరికి పోయి చూడాలె. చూడకుంట ఇంట్ల కూసుంటే అది పెరుగుతది."

చదువుకున్న వాళ్లెవరూ నా భయానికి ఒక పని అప్పజెప్పలేదు. అందరూ దాన్ని తీసెయ్యమన్నారు. అవ్వ ఒక్కతే దాన్ని వెంటబెట్టుకుని పోయి చూడమంది. ఆ తర్వాత కుక్కర్ విజిల్ వింతగా మోగినా, పిల్లల ఒంటి మీద మచ్చ కనిపించినా, పిలిస్తే వచ్చేది. చూసేది. చాలాసార్లు ఏమీ ఉండేది కాదు. "ఏం లేదు, చాయ్ పెట్టు" అనేది. ఉన్నప్పుడు ఉందనేది.

మా చెరువు పాతది. కట్ట ఎవరు పోశారో ఊళ్లో ఎవరికీ తెలియదు. కొన్నేళ్ల కింద దాన్ని మినీ ట్యాంక్‌బండ్ చేశారు. కట్ట మీద టైల్స్ పరిచి నడకదారి, స్తంభాలకు లైట్లు, రెండు మూడు పడవలు, కట్ట కింద గడ్డి పరిచి పిల్లలకు ఊయలలు. ఆదివారమైతే జనగామ నుంచి కూడా కార్లు వచ్చేవి. మేమూ మురిసిపోయాం. ఎండాకాలం నీళ్లు తగ్గితే పడవలు నడవవని, చెరువు నిండాక నీళ్లు పొర్లిపోయే మత్తడి మీద మోకాలెత్తు గోడ కట్టారు. నీళ్లు ఎప్పుడూ లేనంత ఎత్తుకు నిలిచాయి. అప్పుడు ఊళ్లో ఎవరూ దాన్ని తప్పనుకోలేదు. చెరువు నిండుగా ఉంటే తప్పుపట్టే ఊరు ఏదైనా ఉంటుందా?

మైసమ్మ గద్దెకు సూటిగా కింద, కట్ట అడుగున, ఎప్పటినుంచో కొంచెం తడి ఉండేది. గోడ కట్టాక వచ్చిన వానాకాలంలో ఆ తడి ఊట అయింది. ముందు తేటగా వచ్చింది. ఒక రోజు పొద్దున అవ్వ గద్దె ఊడవడానికి పోయి చూస్తే నీళ్లు పచ్చగా వస్తున్నాయి. ఆమె అక్కడే మోకరిల్లిందట. మా ఇంటికి వచ్చి, తడి కళ్లతో చెప్పింది: "అమ్మ పసుపు ఇడిసింది బిడ్డా. నేను పోసిన పసుపంత నాకే మళ్ల ఇస్తుంది." అలాంటి ముఖం ఆమెకు నేను అంతకుముందు చూడలేదు. ఇన్నేళ్లు ఒంటరిగా కడిగిన రాయి ఆమెకు జవాబిచ్చింది. కాదనడానికి నాకు మనసు రాలేదు, కాదనాలని తోచనూ లేదు.

మధ్యాహ్నానికి ఊరంతా తెలిసింది. వారం తిరిగేసరికి పక్క ఊళ్ల నుంచి సీసాలు పట్టుకుని వచ్చారు. చంటిపిల్లల నుదుట రాశారు, బాలింతలకు తాగించారు. పడవల టికెట్లు అమ్మే శ్రీను ఊట చుట్టూ రాళ్లు పేర్పించి, చలువ పందిరి వేయించాడు. అవ్వను చూసి "నీ పుణ్యమే అవ్వా" అనేవాడు.

ఆ ఆదివారం పిల్లలిద్దరినీ తీసుకుని నేనూ వెళ్లాను. మా ఆయన ఊళ్లో లేడు. పెద్దోడు ఊయల మీద ఉన్నాడు. చిన్నది దోసిలి పట్టింది. మొదట చెప్పింది అప్పటి సంగతే.

బిడ్డను చంకనేసుకుని వాలు ఎక్కి గద్దె దగ్గరికి పోయాను. అవ్వ బోనాల కోసం పసుపు కలుపుతోంది.

"అవ్వా, జర కిందికి రా."

"బోనాలోళ్లు వస్తున్నరు బిడ్డా. ఇప్పుడెట్ల వస్త?"

"గా నీళ్లల్ల మన్ను వస్తుంది."

"మన్ను కాదు, పసుపు."

"మన్నే. చేతికి తగుల్తుంది. చూడు."

చిన్నదాని అరచెయ్యి చూపించాను. అవ్వ దాన్ని తన బొటనవేలితో రుద్దింది. నమలడం ఆపింది. తర్వాత తనకు తానే చెప్పుకున్నట్టు అంది: "పసుపైతే సున్నానికి ఎర్రబారాలె గదా."

పెళ్లిళ్లకు పారాణి కలిపే ఏ ఆడదానికైనా తెలిసిందే. పసుపులో సున్నం పడితే నెత్తురులా ఎర్రబడుతుంది. కానీ అమ్మవారి నీళ్లలో సున్నం కలిపి చూడాలని ఎవరికి తోస్తుంది? తోచినా ఎవరు కలుపుతారు? అవ్వ చెంబు తీసుకుని దిగింది. రాళ్ల సందులో నీళ్లు పుట్టే చోటనే పట్టింది. సున్నపుకాయ మూత తీసి, వేలితో ఇంత సున్నం తీసి, నీళ్లలో కలిపింది. చూశాం. తెల్లబడ్డాయే తప్ప ఎర్రబడలేదు. ఆమె నమ్మలేదు. నా సీసాలోని మంచినీళ్లు ఇంకో చెంబులో పోయించి, గద్దె దగ్గరి పసుపు చిటికెడు వేసి, అదే సున్నం కలిపింది. చూస్తుండగానే ఎర్రబడింది. రెండు చెంబులూ రాతి మీద పక్కపక్కన ఉన్నాయి.

కొమురవ్వ ముఖంలో రక్తం లేదు. ఇంట్లో ఎవరో పోయారని ఫోన్ వచ్చినవాళ్ల ముఖం అలా ఉంటుంది. "నేనే చెప్పిన గదనే" అంది. "ఊరందరికి నేనే చెప్పిన."

చుట్టూ చూశాను. ఊయలల దగ్గర నా కొడుకు. గడ్డి మీద సద్దులు విప్పుకున్న కుటుంబాలు. ఆ వెనక మా కాలనీ ఇళ్ల కప్పులు. కట్ట లోపలి మన్ను నీళ్లతో కలిసి బయటికి వస్తోందంటే, కట్ట లోపల ఎంత ఖాళీ అయి ఉంటుందో ఎవరికీ తెలియదు. అవ్వ మోచెయ్యి పట్టుకుని అన్నాను:

"అవ్వా, శిగం వచ్చినట్టు చెయ్యి. అందరిని పొమ్మను. గట్లయితే ఇంటరు."

ఆమె నా వైపు తిరిగింది. "రాంది వచ్చిందనాల్నా?"

"పిల్లలున్నరవ్వా."

"ఉన్నరు. గందుకే. అమ్మ నోటితోని లేపితే, మాపటికి ఇంకొకతెకు శిగమొచ్చి మళ్ల రమ్మంటది. కండ్లతోని చూసినోళ్లు మళ్ల రారు."

ఆమె పందిరి కిందికి పోయి నిలబడింది. అరవలేదు. పూనకం వచ్చినప్పటి గొంతు కాదు, రేషన్ వరుసలో వినిపించే మామూలు గొంతు.

"నేను మొన్న చెప్పింది తప్పు. గిది పసుపు కాదు, కట్ట మన్ను. నీళ్లు కట్టను లోపట తొలుస్తున్నయ్. పిల్లలను పట్టుకొని పొండ్రి."

కొందరు నవ్వారు. గడ్డి మీద పడుకున్న ఒకాయన మోచేతి మీద లేచి, "మొన్న పసుపంటివి, ఇయ్యాల మన్నంటున్నవ్. రేపు నూనె అంటవా అవ్వా?" అన్నాడు.

"నూనైతే మిర్చీలు ఏసుకుందం గని, ముందుగాల లేవు" అంది అవ్వ.

ఒకామెకు కోపం వచ్చింది. "అమ్మ నీళ్లల్ల సున్నం కలుపుతవా? మైలపడదా? నీకు కండ్లు పోతయ్."

"పోతే పోనియ్యి. నీ సీస ఇటియ్యి బిడ్డా."

ఆమె ఇవ్వలేదు. పక్కనున్న ఒక చిన్న వయసు తల్లి ఇచ్చింది. అవ్వ ఆ సీసాలో సున్నం వేసి, మూత పెట్టి, ఊపి, ఆమె చేతిలోనే పెట్టింది. ఎర్రటి చెంబు చూపించింది. ఆ తల్లి సీసా వైపు, చెంబు వైపు, పైన కట్ట వైపు చూసింది. బిడ్డను ఎత్తుకుని నడిచింది, చెప్పులు కూడా మరిచిపోయి. ఆ చెప్పులు చూసి ఇంకో ఇద్దరు లేచారు. తర్వాత సీసాలు వాటంతట అవే అవ్వ ముందుకు వచ్చాయి. ఆమె ఎవరినీ బతిమాలలేదు. సున్నం వేయడం, ఊపడం, ఇచ్చేయడం. నేను పెద్దోడిని ఊయల మీంచి గుంజి, వచ్చి ఆమె పక్కనే నిలబడ్డాను. పిల్లలను తీసుకుని పొమ్మని కసిరింది. పోయాను. రోడ్డు మీది బడి దాకా వాళ్లను తీసుకుపోయే తోడు దొరికింది. నేను కాలనీలో ఇంటింటి తలుపు కొట్టడం మొదలుపెట్టాను.

శ్రీను కట్ట మీంచి అరుస్తూ దిగడం అక్కడినుంచి కూడా వినిపించింది. "అవ్వా, ఆదివారం పూట నా పొట్ట కొట్టకు. గింత మందం కట్ట యాడికి పోతది?" అవ్వ ఏమందో నాకు వినపడలేదు. అతను విసురుగా తిరిగి పైకెక్కాడు. ఎక్కినవాడు అక్కడే ఆగిపోయాడు. ఎందుకో తర్వాత తెలిసింది. నడకదారి మీద ఐస్‌క్రీం బండి నిలిపిన చోట టైల్స్ గిన్నెలాగా కిందికి దిగిపోయి ఉన్నాయి. బండి చక్రం అందులో ఇరుక్కుంది. ఆ తర్వాత శ్రీను ఏం వాదించలేదు. పడవలను ఒడ్డుకు రమ్మని విజిల్ ఊదుతూ, ఇంకో చెవికి ఫోన్ పెట్టుకుని కట్ట పొడుగునా పరుగెత్తాడు.

శ్రీను ఫోన్ చేసి పిలిపించిన జేసీబీ వచ్చి మత్తడి మీది కొత్త గోడ పగలగొట్టింది. చెరువు అటువైపు నుంచి ఊపిరి వదిలినట్టు వాగులోకి పోయింది. మేమంతా ఎత్తు మీదున్న బడి వరండాలో నిలబడి చూస్తున్నాం. ఇంకా పొద్దు గుంకలేదు. నీళ్లు తగ్గుతున్నాయి, ఇక భయం లేదని ఎవరో అంటుండగానే కట్ట వాలు జారింది. నేను అనుకున్నంత పెద్ద చప్పుడేమీ రాలేదు. తడిసిన మట్టిగోడ ఇంట్లోకి కూలినట్టు, బరువుగా. మైసమ్మ గద్దె, పందిరి, ఊయలలు కనిపించకుండా పోయాయి. పచ్చటి నీళ్లు గడ్డి మీదుగా వచ్చి మా వీధిలో మోకాలి లోతున తిరిగాయి. నీళ్లు అప్పటికే దిగి ఉండటంతో కట్ట మొత్తం పోలేదు.

నా కొడుకు ఊగిన ఊయల ఉన్న చోటు వైపే చూస్తున్నాను. చూపు తిప్పుకోలేకపోయాను. ఆ చోటు అక్కడ లేదు.

"అండ్ల ఎవరన్న ఉన్నరా?" అవ్వ అడిగింది.

"లేరవ్వా. అందరం వచ్చినం."

"ఎంచి చూసిండ్రా?"

"చూసినం."

అప్పుడు కూర్చుంది. "అమ్మ పాయె" అని మాత్రం అంది.

ఇంతకన్నా నన్ను నివ్వెరపరచింది ఆ తర్వాత జరిగింది. చీకటి పడకముందే ఆ వరండాలోనే మాట మొదలైంది. అవ్వ సున్నం కలిపినందుకే మైసమ్మ అలిగిందట. అలిగి పోతూ కట్టను తోసి పోయిందట. ఎవరి బిడ్డలు బతికారో వాళ్లే అన్నారు. గోడ కట్టిన వాళ్లను ఎవరూ ఏమీ అనలేదు. వాళ్లెవరో మాకు కనిపించరు. అవ్వ కనిపిస్తుంది. నేను ఒక్కొక్కరితో కొట్లాడాను. అవ్వ నా కొంగు పట్టి గుంజింది. "అననియ్యి. తిట్టేటందుకన్న బతికిండ్రు గదా" అంది. నవ్వడానికి చూసింది, నవ్వు రాలేదు.

కట్ట బాగుచేశారు, కొత్త గద్దె కట్టారు. దాన్ని ఊడవడానికి అవ్వను రానివ్వలేదు. రెండు మూడు నెలలు చూసి, ఆమె గార్లలో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయింది. నేను పిల్లలను తీసుకుని రైల్లో వెళ్లి చూసి వచ్చేదాన్ని. చివరిసారి పోయినప్పుడు కోపం లేదా అని అడిగాను. "ఎందుకు లేదు, బగ్గ ఉంది" అంది. "గని మళ్ల గదే జరిగితే మళ్ల సున్నమే కలుపుత. ఏం చేస్తం మరి?" ఈ చలికాలంలో పోయింది. కబురు ఆలస్యంగా తెలిసింది. కడసారి ఆమె ముఖం చూడలేకపోయాను.

నా బుగులు తగ్గలేదు. వాన పడితే ఇప్పటికీ గొడుగు వేసుకుని కట్ట కిందికి పోతాను. ఊట పుట్టే చోట గాజు గ్లాసులో నీళ్లు పట్టి వెలుగుకు ఎత్తి చూస్తాను. చూసేవాళ్లు నవ్వుతారు. కొన్నిసార్లు ఏమీ ఉండదు, ఇంటికి వచ్చి చాయ్ పెట్టుకుంటాను. కానీ నాకు అంతకన్నా కష్టమైంది ఇంకోటి ఉంది. నేను నలుగురిలో గట్టిగా చెప్పిన మాట తప్పని తెలిసినప్పుడు, మళ్లీ ఆ నలుగురి ముందే నిలబడి, మామూలు గొంతుతో, తప్పని చెప్పడం. ప్రయత్నిస్తున్నాను. ప్రతిసారీ ఆమె ముఖంలోంచి రక్తం దిగిపోయిన ఆ క్షణం గుర్తొస్తుంది. దిగిపోయాక కూడా ఆమె లేచి నిలబడటం గుర్తొస్తుంది.

ఆ మరుసటి పొద్దున మేమింకా బడి వరండాలోనే ఉన్నాం. పెద్ద గిన్నెలో అందరికీ చాయ్ కాస్తున్నారు. అవ్వ ఆ చివర స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. ఆమె చుట్టూ ఎవరూ చాప పరచలేదు. అంత ఇరుకు వరండాలో ఆమె పక్కన మాత్రం ఖాళీ. నా కొడుకు కళ్లు నులుముకుంటూ అడిగాడు: "అమ్మా, అవ్వ సున్నం కలిపిందనే మైసమ్మ అలిగి పోయిందట. నిజమేనా?" చిన్నది కూడా నా ముఖం చూస్తోంది. అక్కడున్న వాళ్లు వింటున్నారని నాకు తెలుసు.

"కాదు" అన్నాను. "కట్ట లోపట మన్ను కొట్టుకపోయింది, గందుకే కూలింది. అవ్వ ముందు పసుపన్నది, అది తప్పు. తప్పని తెలిసినంక అందరికి చెప్పింది. చెప్పినందుకే నిన్న మీరు ఊయల కాడ లేరు, ఈడ ఉన్నరు. ఎవరడిగినా గింతే చెప్పుండ్రి. ఇప్పుడు ఈ చాప తీస్కపోయి అవ్వ పక్కన పరవుండ్రి. చాయ్ ఆడనే తాగుదం."